అమ్మ తన ఇంట్లోనే వుంటానంటోంది

కుప్పంనుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. పేరు వెయ్యవద్దన్నారు గనక వెయ్యడం లేదు. ఇటువంటి ఉత్తరాలు ఈ శీర్షికకు తరచు వస్తూనే వుంటాయి. అయితే ఈమె ఏదీ దాచుకోకుండా, జరిగింది జరిగినట్టు, వరసగా రాశారు. పైగా తల్లి వాడుతున్న మందుల చీటీల నకళ్ళుకూడా జతపరిచారు. అందుచేత ఆమె ఒక్కరికే కాక, ఇదే చిక్కులో వున్న తక్కినవారికి కూడా పనికివచ్చేలా ఇక్కడ జవాబు చెబుతున్నాను.

ఆమె తల్లికి 78 ఏళ్ళు. పుంగనూరులో సొంత ఇల్లు. భర్త బడిపంతులుగా చేసి, రిటైరై, ఆరేళ్ళ క్రితం పోయారు. పెద్దకొడుకు బెంగుళూరులో, చిన్నకొడుకు అమెరికాలో వున్నారు. కూతురు, అంటే ఉత్తరం రాసినామె, కుప్పంలో ఉద్యోగం చేసుకుంటున్నారు. తండ్రి పోయాక పెద్దకొడుకు తల్లిని బెంగుళూరు తీసుకువెళ్ళాడు. ఏడో అంతస్తులో ఇల్లు. పొద్దున్నే కొడుకూ కోడలూ ఆఫీసుకు, మనవలు కాలేజీకి వెళ్ళిపోతారు. తలుపు వేసుకుని కూర్చుంటే సాయంత్రందాకా పలకరించే దిక్కు లేదు. కొడుకూ కోడలూ మంచివాళ్ళే, తిండికీ బట్టకూ లోటు చెయ్యలేదు. అయినా మూడు నెలలు తిరక్కుండానే ఆవిడ, "నన్ను నా గడపలో దింపండిరా నాయనా" అని పట్టు పట్టింది. తీసుకువచ్చి దింపారు. ఇక్కడైతే పాలు పోసే మనిషి రోజూ వాకిట్లో నిలబడి, "ఏమవ్వా, లేచినావా?" అని అడుగుతుంది. ఎదురింటి అరుగుమీద నలుగురు చేరతారు. ఆవిడ చేత్తో ఆవిడ రాగిసంగటి కెలుక్కుని, ఊరిబిండి నూరుకుని తింటుంది. అది ఆవిడ రాజ్యం.

మొన్న వేసవిలో ఒక రాత్రి పెరటి మెట్టుమీద జారిపడి ముంజేతి ఎముక విరిగింది. కట్టు కట్టించుకుని తిరిగివచ్చింది. అప్పటినుంచీ పిల్లల మధ్య తగవు. పెద్దాయన వృద్ధాశ్రమంలో చేర్పిద్దాం, డబ్బు నేను కడతానంటాడు. వదినగారు మళ్ళీ బెంగుళూరే తీసుకువద్దామంటుంది. అమెరికా తమ్ముడు, "ముసలివాళ్ళ బాగోగులు చూసిపెట్టే కంపెనీలున్నాయి, ఒకళ్ళను కుదుర్చుకుందాం" అంటాడు. అమ్మ మాత్రం ఇల్లు కదలనంటోంది. చివరికి సోదరి అడిగిన ప్రశ్న ఇది: "కన్నతల్లిని డబ్బిచ్చి పరాయి మనిషిచేత చూపించుకోవడం సిగ్గుచేటు కాదా? నలుగురూ ఏమనుకుంటారు?"

సిగ్గు సంగతి చివర మాట్లాడుకుందాం. ముందు ఆవిడ ఎందుకు పడిందో చూద్దాం.

నాలుగు చీటీల కథ

సోదరి పంపిన చీటీల నకళ్ళు బాగా అనుభవం వున్న ఒక డాక్టరుగారికి చూపించాను. ఆయన వాటిని తేదీలవారీగా బల్లమీద పేర్చి, రెండు నిమిషాలు చూసి, "ఇందులో తప్పు చీటీ ఒక్కటీ లేదు. నాలుగూ కలిపి చదివినవాడే లేడు" అన్నారు.

జరిగింది ఇది. ఆవిడకు రక్తపుపోటు వుంది. దానికి వూళ్ళో ఒక డాక్టరు ఎమ్లోడిపిన్ అనే మాత్ర రాశారు. బెంగుళూరు వెళ్ళినప్పుడు అక్కడి డాక్టరూ అదే మందు రాశారు. కాని కంపెనీ వేరు, పేరు వేరు, అట్ట రంగు వేరు. పాతది మానెయ్యమని ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే పాతది ఒకటుందని ఆ డాక్టరుకు ఎవరూ చెప్పలేదు. తిరిగి వచ్చాక ఆవిడ శ్రద్ధగా రెండూ వేసుకోవడం మొదలుపెట్టింది. ఆ మందు మోతాదు ఎక్కువైతే చాలామందికి పాదాలు వాస్తాయి. ఆవిడకూ వాచాయి. వాపుకు మూడో డాక్టరు దగ్గరికి వెళితే, ఆయన ఒంట్లో నీరు తీసే మాత్ర ఇచ్చారు. పొద్దున వేసుకోవలసిన ఆ మాత్రను ఆవిడ మరచిపోకుండా వుంటుందని రాత్రి భోజనం తరువాత వేసుకునేది. దాంతో రాత్రి మూడుసార్లు లేచి పెరట్లోకి వెళ్ళవలసి వచ్చింది. రక్తపుపోటు పడిపోయి వుండటంవల్ల లేవగానే కళ్ళు తిరిగేవి. పెరట్లో దీపం మాడిపోయి నెలయింది. ఒకనాటి రాత్రి పడింది. నాలుగో చీటీ ఎముక డాక్టరుది.

చూశారా? ముగ్గురు బిడ్డలు, ఒక కోడలు, ముగ్గురు డాక్టర్లు, ఒక పనిపిల్ల, పాలమనిషి, ఎదురింటివాళ్ళు, ఇంతమంది వున్నారు. అందరికీ ఆవిడమీద అభిమానమే. అన్ని మాత్రలూ ఒకేచోట చూసినవారు ఒక్కరూ లేరు. దీపం మాడిపోయిందని పనిపిల్లకు తెలుసు. పాదాలు వాచాయని కూతురికి తెలుసు. కళ్ళు తిరుగుతున్నాయని పాలమనిషికి తెలుసు. ఈ మూడూ కలిపి చూసేవారు లేకపోయారు. పదిమంది చేతిలో పడ్డ పాము చావదని సామెత.

(ఇది చదివి ఎవరూ ఎవరి మాత్రలూ సొంతంగా ఆపవద్దు. ఆపితే ప్రమాదమైన మందులు కూడా వుంటాయి. అన్నీ ఒక సంచిలో వేసుకుని ఒక డాక్టరు ముందు పెట్టండి.)

మన సీమలో ఈ చిక్కు మరీ ఎక్కువ. మూడు రాష్ట్రాల సరిహద్దు కదా. జ్వరానికి పుంగనూరు, పరీక్షలకు మదనపల్లె, పెద్ద జబ్బుకు ఒకరు తిరుపతి అంటే, ఒకరు పలమనేరు, చిత్తూరు మీదుగా వేలూరు అంటారు. కొడుకు బెంగుళూరులో వుంటే ముళబాగల్, కోలారు దాటి అక్కడికి. కుప్పంవాళ్ళకు అక్కడే మెడికల్ కాలేజీ ఆసుపత్రి వుంది. ఇన్ని మంచి ఆసుపత్రులు చుట్టూ వుండటం అదృష్టమే. కాని ఒకచోటి కాగితం మరొకచోటికి తనంతట తాను నడిచి వెళ్ళదు. తెలుగు, తమిళం, కన్నడం, ఇంగ్లీషు నాలుగు భాషల్లో విన్న సలహాలు ఆవిడ తలలో నిలవవు. ఎవరో ఒకరు వాటిని మొయ్యాలి.

పెళ్ళిపెద్దవంటి మనిషి

ఆ మోసే మనిషినే ఇంగ్లీషువాళ్ళు కేర్ కోఆర్డినేటరు అనీ, కేర్ మేనేజరు అనీ అంటున్నారు. మన భాషలో మాట ఇంకా స్థిరపడలేదు. నాకు మాత్రం పెళ్ళిపెద్ద గుర్తుకు వస్తాడు. పెళ్ళిపెద్ద వంట చెయ్యడు, మంత్రాలు చదవడు, సన్నాయి వాయించడు. కాని ఎవరు ఎప్పుడు ఎక్కడ వుండాలో ఆయనకు తెలుసు. పాలు ఎన్ని గంటలకు వస్తాయో తెలుసు, వియ్యపురాలికి ఏ మాట గిట్టదో కూడా తెలుసు. ఆయన లేని పెళ్ళిలో వంటా, మంత్రాలూ, సన్నాయీ అన్నీ వుంటాయి, ముహూర్తం మాత్రం తప్పిపోతుంది.

ఈ పని చేసేవారు సాధారణంగా నర్సుగానో, సమాజసేవలో చదువుకున్నవారుగానో వుంటారు. వారు మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు చేసేదేమిటో చెబితే మీకు పద్ధతి అర్థమవుతుంది.

ముందుగా పెద్దావిడతో కూర్చుని మాట్లాడతారు. పిల్లలతో కాదు, ఆవిడతో. "మీకేం కావాలమ్మా?" అని అడుగుతారు. పిల్లలు సాధారణంగా అడగని ప్రశ్న ఇదే. తరవాత ఇంట్లోని మందులన్నీ, బీరువాలోవీ, దిండు కిందవీ, పోపులడబ్బాలోవీ సైతం, ఒక చాపమీద పోయిస్తారు. ఒక్కొక్కటీ ఎవరు రాశారు, ఎందుకు రాశారు, ఎప్పుడు వేసుకుంటున్నారు అని పట్టీ రాస్తారు. మోకాళ్ళనొప్పులకని షాపులో అడిగి తెచ్చుకున్న బిళ్ళలు కూడా ఆ పట్టీలో చేరతాయి. అవి ఎక్కువకాలం వాడితే మూత్రపిండాలకు చేటు, రక్తపుపోటు కూడా పెరగవచ్చు. చాలా ఇళ్ళలో డాక్టరుకు తెలియనివి ఇవే.

తరవాత ఆవిడను కుర్చీలోంచి లేచి నాలుగడుగులు నడిచి తిరిగి రమ్మంటారు. పడుకున్నప్పుడొకసారి, లేచి నిలబడ్డాక ఒకసారి రక్తపుపోటు చూస్తారు. స్నానం, బట్ట కట్టుకోవడం, మరుగు, తిండి వీటిలో ఆవిడ తనంతట తాను చేసుకోగలిగినవేవి, సాయం కావలసినవేవి అని గుర్తుపెడతారు. కంటి పొర, చెవుడు, పళ్ళు చూస్తారు. మతిమరుపు మామూలుదా, జబ్బుదా అని కనిపెడతారు. ఇల్లంతా తిరిగి దీపాలు, మెట్లు, స్నానాలగది గచ్చు, గ్యాసు పొయ్యి చూస్తారు. పింఛను ఎక్కడ వస్తుంది, తాళాలు ఎవరి దగ్గర వున్నాయి, అర్ధరాత్రి అవసరమైతే ఎవరిని పిలవాలి అని అడుగుతారు.

ఇదంతా చేసి ఒక కాగితం రాస్తారు. ఎవరెవరు ఏమేం చెయ్యాలి, ఎప్పటిలోగా చెయ్యాలి అని. ఆ కాగితం ఒక నకలు ఇంట్లో గోడకు, ఒకటి కూతురికి, ఒకటి బెంగుళూరుకు, ఒకటి అమెరికాకు వెళుతుంది. ఆ తరవాత డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు తోడు వెళతారు, పట్టీ చూపిస్తారు, ఆయన చెప్పింది రాసుకుంటారు. ఆసుపత్రినుంచి ఇంటికి వచ్చిన మొదటి రెండు మూడు వారాలు మరీ జాగ్రత్తగా కనిపెట్టుకుని వుంటారు. మందులు మారేదీ, పొరపాట్లు జరిగేదీ ఎక్కువగా అప్పుడే.

ఈ సోదరి తల్లి విషయంలో ఇటువంటి మనిషి ఒక్క పూట వచ్చివుంటే రెండు అట్టలూ పక్కపక్కన కనపడేవి. పెరట్లో దీపం వెలిగేది.

సానటోరియంనుంచి ఇంటికి

ఇంట్లో వుంచి చూడటం అనగానే చాలామందికి అది రెండోరకం వైద్యమనీ, డబ్బులేనివాళ్ళు సరిపెట్టుకునేదనీ ఒక అభిప్రాయం వుంది. ఈ అభిప్రాయం తప్పని రుజువైన కథ ఒకటి మనకు దగ్గరిదే వుంది.

మదనపల్లె పక్కన ఆరోగ్యవరం తెలియనివారు మన సీమలో వుండరు. సముద్రమట్టానికి రెండువేల అడుగులకు పైబడిన ఆ పొడిగాలి క్షయరోగులకు మంచిదని, ఇరవయ్యో శతాబ్దం రెండో దశకంలో అనేక క్రైస్తవ మిషన్లు కలిసి అక్కడ సానటోరియం స్థాపించాయి. డెన్మార్కునుంచి వచ్చిన డాక్టరు ఫ్రిమోట్ మోలర్ దానికి ప్రాణం పోశారు. ఆ రోజుల్లో క్షయ వస్తే మంచిగాలి, మంచి తిండి, మంచం, విశ్రాంతి ఇవన్నీ కావాలి, ఇంట్లో వుంచడం ప్రాణానికే ముప్పు అనుకునేవారు. మంచాలు వేలల్లో, రోగులు లక్షల్లో.

అప్పుడు, 1956లో, మద్రాసులో ఒక పరీక్ష మొదలుపెట్టారు. 193 మంది రోగులను చీట్లు వేసినట్టుగా రెండు భాగాలు చేశారు. ఒక భాగాన్ని సానటోరియంలో వుంచారు. రెండో భాగాన్ని వాళ్ళ పేదయిళ్ళలోనే, ఆ ఇరుకులోనే వుంచారు. మందులు ఇద్దరికీ ఒకటే. ఏడాది గడిచింది. 1959లో ఫలితాలు ప్రకటిస్తే లోకమంతా ఆశ్చర్యపోయింది. తిండి తక్కువైనా, గాలి తక్కువైనా, ఇంట్లో వున్నవాళ్ళకూ ఇంచుమించు అంత బాగానే నయమయింది. ఇంట్లోవాళ్ళకు జబ్బు అంటుకోవడం కూడా దానివల్ల ఎక్కువకాలేదు. ప్రపంచంలో క్షయ వైద్యం సానటోరియంనుంచి ఇంటికి మళ్ళడానికి ఆ పరీక్ష ఒక పెద్ద కారణం.

అయితే ఇందులో మనకు కావలసిన కీలకం వేరే వుంది. వాళ్ళను ఇంట్లో వదిలిపెట్టి వూరుకోలేదు. హెల్త్ విజిటర్లు ఇళ్ళకు వెళ్ళేవారు. చెప్పకుండా వెళ్ళి మిగిలిన మాత్రలు లెక్కపెట్టేవారు. మందు వేసుకున్నారో లేదో మూత్రపరీక్షలో చూసేవారు. రానివారిని వెతుక్కుంటూ పోయేవారు. అంటే గెలిచింది ఇల్లొక్కటే కాదు. ఇల్లూ, ఆ ఇంటి గడప తొక్కి లెక్క చూసే మనిషీ కలిసి గెలిచారు. ముసలితనానికి కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది.

పరదేశాల్లో

జపానులో ముసలివారి సంఖ్య మిగతా దేశాలకంటే చాలా ముందుగా పెరిగింది. కోడళ్ళమీద భారం మోయలేనంత అయింది. దాంతో 2000 ఏప్రిల్‌లో అక్కడ దీర్ఘకాల సంరక్షణ భీమా ప్రారంభించారు. 40 ఏళ్ళు దాటిన ప్రతివారూ చందా కట్టాలి. 65 దాటి, సాయం అవసరమైనవారికి దానినుంచి నర్సు, స్నానం చేయించే మనిషి, పగటిపూట వుండే కేంద్రం ఇవన్నీ సమకూరుతాయి. అయితే ఇవన్నీ ఇచ్చి వదిలేస్తే పెద్దవాళ్ళు అయోమయంలో పడతారని తెలిసి, ఇంట్లో వుండేవారికి కేర్ మేనేజరును ఏర్పాటు చేశారు. ఆ మేనేజరు మామూలుగా నెలకొకసారైనా ఇంటికి వచ్చి చూడాలి. తక్కిన సేవలకు కొంత భాగం కట్టుకోవాలిగాని, ఈ మేనేజరు పనికి మాత్రం వృద్ధులనుంచి రుసుము తీసుకోకూడదని పథకం ప్రారంభించినప్పుడే నిర్ణయించారు. ఎంత ముఖ్యమని తోచకపోతే అలా చేస్తారు?

ఇంకొకటి అమెరికాలో. శాన్‌ఫ్రాన్సిస్కోలోని చైనా పేటలో ముసలివారు నర్సింగుహోములకు పోమన్నారు. అక్కడ తమ భాష మాట్లాడేవారు లేరు, తమ తిండి లేదు. వారికోసం 1971లో ఆన్ లోక్ అనే సంస్థ పుట్టింది. చైనా భాషలో ఆ మాటకు ప్రశాంతమైన, సంతోషమైన నివాసమని అర్థం. రాత్రి ఎవరింట్లో వాళ్ళుంటారు. పగలు బండి వచ్చి కేంద్రానికి తీసుకువెళుతుంది. డాక్టరు, నర్సు, వ్యాయామం నేర్పేవారు అందరూ ఒకచోట కూర్చుని ఒక్కొక్కరి సంగతీ మాట్లాడుకుంటారు. ఈ పద్ధతి తరవాత అమెరికా అంతటా వ్యాపించింది. అక్కడి నిబంధనల ప్రకారం ఆ జట్టులో బండి డ్రైవరు పక్షాన కూడా ఒకరుండాలి. రోజూ గుమ్మంలోకి వెళ్ళి చెయ్యి పట్టుకుని దింపేవాడు కదా, పెద్దాయన నడక నిన్నటికంటే తగ్గిందని ముందుగా కనిపెట్టేది అతనే. మన పాలమనిషిలాగ!

దీనివల్ల నిజంగా లాభముందా అంటే, 2017లో 9 దేశాల్లో జరిగిన 29 పరిశోధనలను కలిపి లెక్క చూశారు. ఆసుపత్రిలో చేరిన ముసలివారు మొత్తం 13,766 మంది. ఒంటి సంగతి, ఇంటి సంగతి, మనసు సంగతి అన్నీ కలిపి చూసి ఒక జట్టుగా పథకం వేసినచోట, కొన్ని నెలల తరవాత సొంత ఇంట్లో జీవించి వున్నవారు మామూలు వైద్యం పొందినవారికంటే ఎక్కువగా తేలారు. తేడా బ్రహ్మాండమైనదేమీ కాదు. కాని నమ్మదగినది.

అంతదూరం ఎందుకు, పొరుగున కేరళలో 1993లో కోజికోడులో చిన్నగా మొదలైన పని వుంది. మంచాన పడ్డవారి ఇళ్ళకు నర్సూ, వూరి స్వచ్ఛంద సేవకులూ వెళతారు. 2008లో ఆ రాష్ట్రప్రభుత్వం దాన్ని విధానంగా తీసుకుని పంచాయతీల చేతికి అందించింది.

పుంగనూరులో ఎలా?

అదంతా బాగానే వుంది, మా వూళ్ళో ఎవరున్నారు అంటారు. నిజమే. డబ్బు తీసుకుని ఈ పని చేసే కంపెనీలు బెంగుళూరు, హైదరాబాదు, చెన్నైవంటి నగరాల్లోనే ఎక్కువ. కాని ముక్కలు చాలావరకు మన వూళ్ళల్లోనూ వున్నాయి, కూర్చేవారే లేరు. ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం. వున్నారు. 2005నుంచీ 108 బండి వుంది. పెద్దలకోసం ప్రత్యేకంగా 14567 అనే ఫోను నంబరు వుంది. సలహాకు, ఫిర్యాదుకు, ఒంటరితనం భరించలేకపోయినా సరే, డబ్బులు లేకుండా పిలవవచ్చు. అర్హులకు నెలనెలా ప్రభుత్వ పింఛను ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. కేంద్రప్రభుత్వం 2024 అక్టోబరులో 70 ఏళ్ళు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయలవరకు వర్తించే ఆయుష్మాన్ కార్డు ప్రవేశపెట్టింది. అయితే అది ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చుకు. ఇంట్లో కనిపెట్టి చూసే మనిషి జీతం దానిలో రాదు. ఎముక విరిగాక డబ్బు వుంది, విరక్కుండా చూడటానికి లేదు. ఆ భాగం కుటుంబమే పెట్టుకోవాలి.

కనుక ఈ సోదరికి నా సలహా ఇది. మీ వూళ్ళో రిటైరైన స్టాఫు నర్సునో, ఏ.ఎన్.ఎం.నో వెతకండి. చేతనైన వయసులో, ఇంకా పని చెయ్యాలనే ఉత్సాహంతో వుండేవారు ప్రతి వూళ్ళోనూ వుంటారు. వారానికి రెండుసార్లు ఇంటికి రావడం, డాక్టరు దగ్గరికి తోడు వెళ్ళడం, ప్రతి ఆదివారం మీ ముగ్గురికీ ఒకే సందేశం ఫోనులో పంపడం అని మాట్లాడుకోండి. నెల జీతం ఖాయం చేసి, పని ఏమిటో కాగితంమీద రాసుకోండి. మొహమాటానికి "మా అమ్మను కాస్త చూస్తూ వుండండి" అనవద్దు. ఆ "కాస్త" అన్నచోటే అన్నీ జారిపోతాయి.

కంపెనీవారైనా, విడి మనిషైనా కొన్ని సంగతులు అడిగి తీరాలి. మా ఇంటికి వచ్చే మనిషి ఒక్కరేనా, నెలకొకరు మారతారా? నర్సు చదువు నిజంగా చదివారా? ఏ ఆసుపత్రినుంచీ, ఏ పరీక్షల లాబునుంచీ కమీషను తీసుకోమని రాసిస్తారా? అర్ధరాత్రి ఫోను చేస్తే ఎవరు పలుకుతారు? వీటికి తిన్నగా జవాబు చెప్పనివారికి నమస్కారం పెట్టెయ్యండి. ఎంత మంచి మనిషైనా బ్యాంకు కార్డుగాని, దాని రహస్యపు నంబరుగాని ఇవ్వవద్దు. ఇంటి కాగితాలు, నగలు మీ దగ్గర వుంచుకోండి. ఇందులో అవమానమేమీ లేదు. లెక్క స్పష్టంగా వుంటే వాళ్ళకూ గౌరవమే.

ఇక పిల్లలు పంచుకోవలసిన పని. డబ్బు పెట్టేవారు పెద్దాయనా, చిన్నాయనా అనుకుందాం. నిర్ణయం చెప్పే గొంతు మాత్రం ఒక్కటే వుండాలి. దగ్గరలో వున్నది కూతురు గనక ఆ బాధ్యత ఆమెకు ఇవ్వండి. అమెరికానుంచి ఒక మాట, బెంగుళూరునుంచి ఒక మాట నర్సుకు ఫోను చేసి చెబితే మళ్ళీ పదిమంది చేతిలో పామే. కోడలిని గురించి కూడా ఒక మాట. అత్తగారిని మళ్ళీ తెచ్చుకుందామన్న ఆ ఇల్లాలి మనసు గొప్పది. కాని ఉద్యోగం, పిల్లలు, వంట, పైన ఈ బాధ్యత, అన్నీ ఒక్క మనిషి నెత్తిన పెట్టి "మన సంప్రదాయం" అనడం న్యాయం కాదు.

ఇల్లు చాలనప్పుడు

ఇంట్లోనే వుంచడం అన్ని వేళలా సాధ్యమని నేను అనడం లేదు. మతిమరుపు జబ్బు ముదిరి రాత్రిళ్ళు వీధుల్లోకి వెళ్ళిపోతున్నా, గ్యాసు తెరిచి మరచిపోతున్నా, మంచంమీద ఒత్తిగిలించడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చినా, వారానికి రెండుసార్లు వచ్చే మనిషి చాలదు. రాత్రింబగళ్ళు తోడు కావాలి. లేదా మంచి ఆశ్రమమో, బిడ్డల ఇల్లో కావాలి. పని తెలిసిన మనిషి చేసే మేలు ఇందులోనూ వుంది. ఆ సమయం వచ్చిందని ఆమె ముందుగా చెబుతుంది. వుండగా వుండగా ఒక అర్ధరాత్రి హడావిడిగా కాక, పెద్దావిడతో మాట్లాడి, ఆవిడ ఒప్పుకుని, ఆవిడ చూసుకున్న చోటికి వెళ్ళే వ్యవధి దొరుకుతుంది.

తల్లిదండ్రులను పోషించడం బిడ్డల బాధ్యత అని 2007లో పార్లమెంటు చట్టమే చేసింది. నిర్లక్ష్యం చేస్తే ట్రిబ్యునలుకు వెళ్ళవచ్చు. కాని ఈ కుటుంబానికి చట్టం అక్కరలేదు. వీళ్ళకు లోటు ప్రేమ కాదు, ఏర్పాటు.

ఇక సిగ్గు సంగతి. కాన్పుకు మంత్రసానిని పిలిచినప్పుడు మనం సిగ్గుపడలేదు. బిడ్డకు చదువు చెప్పడానికి పంతులుగారికి జీతమిచ్చినప్పుడు, "కన్నబిడ్డకు మనమే చెప్పుకోలేమా" అని ఎవరూ అనలేదు. ఆ సోదరి తండ్రిగారే అలా వందలమంది బిడ్డలకు చదువు చెప్పి, జీతం తీసుకుని, వూరంతటి గౌరవమూ సంపాదించారు. పని తెలిసినవారికి పని అప్పగించి, మనం మనకు మాత్రమే చేతనైనది చెయ్యాలి. కూతురు కుప్పంనుంచి వచ్చిన రోజున మాత్రలు లెక్కపెట్టడంతోనూ, అన్నతో ఫోనులో వాదించడంతోనూ పొద్దు పోగొట్టుకోకుండా, అమ్మ పక్కన కూర్చుని ఆవిడ కెలికిన సంగటి తినగలిగితే, ఆ జీతం డబ్బు దండగ కాదు.

ఈ ఆదివారం చెయ్యవలసినవి మూడు. పెరట్లో దీపం వేయించండి, మెట్టు పక్కన పట్టుకోవడానికి కమ్మీ పెట్టించండి. మందులన్నీ ఒక సంచిలో వేసి, ఒకే డాక్టరుకు చూపించి, ఒకే పట్టీ రాయించండి. అమ్మను కూర్చోబెట్టి, "నీకేం కావాలి, దేనికి భయపడుతున్నావు" అని అడిగి, ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. నర్సును వెతకడం సోమవారంనుంచి. కుదిరిన తరవాత ఎలా జరుగుతున్నదో నాకు మళ్ళీ రాయండి.